పార్కు వీధి పనుల డైరీ: గుంతలు పూడాకే పందిళ్లు

పార్కును ఆనుకుని 320 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు ఉన్న తారు వీధి. దాని కింద తుప్పు గడ్డలు కట్టి సగం మూసుకుపోయిన 100 మి.మీ. పోత ఇనుప మంచినీటి పైపు. పార్కు నుంచి వీధిని అడ్డంగా దాటి వెళ్లే 300 మి.మీ. వాననీటి పైపు ఇంకొకటి. పైపులు రెండూ మార్చాలి, పార్కు వైపు 90 మీటర్ల ఫుట్‌పాత్ కొత్తగా పోయాలి, చివర్లో వీధి మొత్తానికి ఒక పొర తారు వేయాలి. పదో వారం శనివారం సాయంత్రానికి ఇదంతా తెమలాలి. ఆ రోజు నుంచి వరసగా ఆరు శనివారాలు పార్కు పచ్చికలో వేసవి కార్యక్రమాలు ఉన్నాయి: పాటలు, తెర మీద సినిమా, పిల్లల ఆటలు.

వీధి పనుల పట్టిక ఇంజనీరింగ్ విభాగంలో, కార్యక్రమాల పట్టిక పార్కుల విభాగంలో ఎవరిది వాళ్లు తయారు చేసుకోవడం మామూలే. రెండూ ఒకే కాగితం మీద పెట్టి చూస్తే ఇరకాటం వెంటనే కనబడింది. పార్కుకు ఉన్నవి రెండే గేట్లు, రెండూ ఈ వీధిలోకే తెరుచుకుంటాయి. అందుకని లెక్క చివరి నుంచి మొదలుపెట్టాం. కొత్త తారు మీద జనం, బండ్లు ఒత్తిడి పెట్టేలోపు పది రోజులైనా గడవాలి. తారు కంటే ముందు ఫుట్‌పాత్ అంచు ఉండాలి. పూడ్చిన గుంత మీద రెండు మూడు వారాలు బండ్లు తిరిగి, దిగాల్సింది దిగిపోయాకే తారు వేయాలి. ఇలా వెనక్కి వస్తే పైపుల పని ఐదో వారం దాటడానికి వీల్లేదు.

తవ్వకానికి ముందు వారం

పాత డ్రాయింగు ప్రకారం మంచినీటి పైపు వీధికి ఎడమ అంచున ఉండాలి. డ్రాయింగును నమ్మి జేసీబీ దింపకూడదు. 40 మీటర్లకు ఒకటి చొప్పున 8 ట్రయల్ గుంతలు చేత్తో తీశాం. కేబుల్ ఉండొచ్చని అనుమానం ఉన్న చోట గునపం వాడలేదు, పారతోనే పలచగా గీకుతూ దిగారు. మూడు గుంతల్లో పైపు డ్రాయింగులో ఉన్న చోటికి 700 మి.మీ. పక్కన దొరికింది. ఒక చోట వీధి దీపాల కేబుల్ కేవలం 450 మి.మీ. లోతులోనే ఉంది, పైన హెచ్చరిక టేపు గానీ ఇటుక గానీ లేదు. దొరికినవన్నీ కొత్త డ్రాయింగులో ఎక్కించి, రోడ్డు మీద రంగుతో గీశాం: నీటికి నీలం, కరెంటుకు ఎరుపు. సున్నం గీతలు రెండు రోజుల్లో టైర్ల కింద చెరిగిపోతాయి, పెయింటే మేలు.

1, 2 వారాలు: లోతుది ముందు

వాననీటి పైపు అడుగు 2 మీటర్ల లోతులో ఉంది, మంచినీటిది 1.2 మీటర్ల దగ్గర. లోతున్నది ముందు వేయాలి. తర్వాత వేద్దామంటే కొత్తగా వేసిన పైపు కిందే తవ్వాల్సి వస్తుంది. రెండూ దాటుకునే చోట మంచినీటిది పైన ఉండాలి, మధ్య 300 మి.మీ. అయినా ఖాళీ ఉండాలి. ఇక్కడ 350కి పైనే వచ్చింది.

పాత 300 మి.మీ. పైపు ఎందుకు చాలడం లేదో ముందు లెక్క చూశాం. ఇటు పారే నేల 1.5 హెక్టార్లు. అందులో సగం పైగా రోడ్లు, కప్పులు కాబట్టి పడిన వానలో 70 శాతం పారుతుందనుకోవచ్చు. గంటకు 50 మి.మీ. వాన పడితే సెకనుకు సుమారు 146 లీటర్లు వస్తాయి. నూటికి ఒకటి వాలులో 300 మి.మీ. కాంక్రీటు పైపు నిండుగా పారినా సెకనుకు 97 లీటర్లే మోస్తుంది. అదే వాలులో 375 మి.మీ. పైపు 175 లీటర్లు మోస్తుంది. చూడ్డానికి 75 మి.మీ. తేడానే, మోసే నీళ్లు మాత్రం దాదాపు రెట్టింపు. గట్టి వాన పడ్డ ప్రతిసారీ పచ్చిక మీద చీలమండ లోతు నీళ్లు నిలవడానికి కారణం అదే. పూడిక తీసినంత మాత్రాన తీరే సమస్య కాదు. అయినా ఏడు క్యాచ్‌పిట్లలోనూ (వాననీళ్లు పైపులోకి దిగే గుంటలు) పూడిక తీశాం. రెండింటిలో అడుగున సిమెంటు గడ్డలు దొరికాయి, పాత పనిలో మిక్సర్ కడిగిన నీళ్లు అందులోకే వదిలారు.

కొత్తగా వేసే 375 మి.మీ. వాననీటి లైను 28 మీటర్లు, దానికి 2.5 మీటర్ల పైపులు 12. దిగువ కొస నుంచి మొదలుపెట్టి ఎగువకు వేసుకుంటూ రావాలి, సాకెట్ మూతి (పక్క పైపు కొస దూరే లావు కొస) ఎగువ వైపుకు ఉండాలి. మొత్తం దిగుడు 280 మి.మీ., అంటే ఒక్కో పైపుకు 25. దీన్ని దారం కట్టి చూస్తే దారమే మధ్యలో వేలాడి మోసం చేస్తుంది. ప్రతి పైపు మీదా లెవెల్ పెట్టి చూడాల్సిందే. అయిదో జాయింటు దగ్గర 12 మి.మీ. ఎదురు వాలు వచ్చింది. సాకెట్ కింద మట్టిని గిన్నెలా తీయకుండా పైపును నేరుగా ఇసుక మీద కూర్చోబెట్టారు. సాకెట్ లావు కాబట్టి మూతి పైకి లేచింది. రెండు పైపులు ఊడదీసి, సాకెట్ల కింద గుంట తీసి మళ్లీ వేశాం. సగం రోజు పోయింది.

రెండు మీటర్ల గుంతలోకి మనిషి దిగాలంటే పక్కలకు పలకలు, అడ్డు దూలాలు ఉండి తీరాలి. ఘనమీటరు మట్టి 1.6 నుంచి 1.9 టన్నులు తూగుతుంది. నడుం దాకా కూరుకుపోయినా మనిషిని చేతులతో లాగలేం. తవ్వి పోసిన మట్టి కుప్ప అంచుకు మీటరు దూరంలో ఉండాలి. ఇరుకు వీధిలో ఈ నియమమే ముందు జారిపోతుంది, ఎందుకంటే కుప్పకు చోటు లేదు. తవ్విన మట్టి తవ్వినట్టే టిప్పర్‌కు ఎత్తించడం ఒక్కటే దారి.

3వ వారం: పైపు అతుకులు

కొత్త మంచినీటి పైపు 160 మి.మీ. హెచ్‌డీపీఈ (గట్టి నల్ల ప్లాస్టిక్), గోడ మందం 9.5 మి.మీ. 12 మీటర్ల ముక్కలు 27, మధ్యలో 26 అతుకులు. గుంత 600 మి.మీ. వెడల్పు, 1.3 మీటర్ల లోతు. తవ్వకం 250 ఘనమీటర్లు, తవ్వాక ఉబ్బి 310 దాకా అవుతుంది. 6 ఘనమీటర్ల టిప్పర్‌కు 52 ట్రిప్పులు. టిప్పర్ల లెక్క తవ్వకం కొలత మీద వేసుకుంటే 10 ట్రిప్పులు తక్కువ పడతాయి.

అతుకు వేసే తీరు ఇది. రెండు కొసల్నీ బిగించి, స్పిరిటు గుడ్డతో తుడిచి, ప్లానర్‌తో చెక్కాలి. చెక్కుడు ముక్కలుముక్కలుగా రాలుతుంటే ఇంకా మట్టం కాలేదన్నమాట. రెండు వైపుల నుంచీ తెగకుండా రిబ్బనులా చుట్టుకుంటూ వచ్చేదాకా ఆపకూడదు. తర్వాత రెండు కొసలూ కలిపి అంచు మీద వేలు నడిపితే మెట్టు తగలకూడదు. తేడా మందంలో పదో వంతు, అంటే సుమారు 1 మి.మీ. దాటితే మళ్లీ బిగించుకోవాలి. 220 డిగ్రీల పలకకు కొసలు ఒత్తి, చుట్టూ సన్నని పూస లేచాక ఒత్తిడి వదిలి 95 సెకన్లు కాగనివ్వాలి. మందం ఎన్ని మి.మీ. ఉంటే దానికి పది రెట్ల సెకన్లు అని గుర్తు పెట్టుకుంటే చాలు. పలక తీసి కొసలు కలపడానికి ఉండేది 6 నుంచి 8 సెకన్లే. కలిపాక అదే ఒత్తిడిలో పది నిమిషాలకు పైగా వదిలేయాలి. తొందరగా చల్లారాలని నీళ్లు చల్లితే అతుకు పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపల పెళుసు బారుతుంది.

వీధిలో గాలి ఉంది. పైపు ఒక కొస తెరిచి ఉంటే లోపల గాలి పొగగొట్టంలో లాగినట్టు లాగుతుంది, పలక ఒక పక్క చల్లబడుతుంది. మొదటి రోజు రెండు అతుకుల్లో పూస ఒక వైపు లావుగా, ఒక వైపు సన్నగా వచ్చింది. రెండూ కోసి పారేసి, ఆ తర్వాత నుంచి దూరపు కొసకు మూత పెట్టి పని చేశాం. రోజుకు 9 నుంచి 10 అతుకులు పడ్డాయి.

అసలు చిక్కు ఎండతో. నల్ల పైపు ఎండలో పడి ఉంటే 55 డిగ్రీలకు వేడెక్కుతుంది, గుంత అడుగున 30 ఉంటుంది. ఈ పైపు మీటరుకు, డిగ్రీకి సుమారు 0.2 మి.మీ. సాగుతుంది. 320 మీటర్లకు 25 డిగ్రీల తేడా అంటే 1.6 మీటర్లు. మధ్యాహ్నం దింపి, అప్పుడే రెండు కొసలూ పాత లైనుకు బిగిస్తే తెల్లారేసరికి పైపు కుంచించుకుపోయి కప్లింగ్ నుంచి ఊడివస్తుంది. అందుకే సాయంత్రం గుంతలోకి కాస్త పాములా వంకరగా దింపి, రాత్రంతా వదిలి, తెల్లవారుజామున మధ్య భాగాలకు ఇసుక కప్పాం. కొసల కలుపు ఐదో వారానికి, అదీ పొద్దున చల్లగా ఉండగానే చేయాలని ముందే రాసుకున్నాం.

4వ వారం: ప్రెజర్ టెస్టు, క్లోరిన్

పైపు కింద 100 మి.మీ., పైన 150 మి.మీ. ఇసుక. పైపు ఆక్రమించింది పోను 72 ఘనమీటర్లు కావాలి, కుదించేసరికి తగ్గుతుంది కాబట్టి 82 తెప్పించాం. అతుకుల దగ్గర మాత్రం టెస్టు అయ్యేదాకా తెరిచే ఉంచాం.

లైనులో ఒత్తిడి 6 బార్, టెస్టు దానికి ఒకటిన్నర రెట్లు, 9 బార్. ఆ ఒత్తిడిలో కొసన ఉన్న మూత మీద పడే తోపు 1.8 టన్నులు. మూత వెనక కాంక్రీటు దిమ్మ గానీ, గట్టి నేలకు ఆనించిన దూలం గానీ లేకపోతే మూత తుపాకీ గుండే. టెస్టు జరుగుతున్నంత సేపూ ఆ వరసలో ఎవరూ నిలబడకూడదు.

నీళ్లు పల్లపు కొస నుంచి నెమ్మదిగా నింపాలి, గాలి మెరక కొస నుంచి బయటికి పోవాలి. 9 బార్‌కు ఎక్కించి పంపు ఆపితే ముల్లు గంటలోపే కిందికి జారుతుంది. అది లీకు కాకపోవచ్చు. ఒత్తిడికి ఈ పైపు తనంతట తను సాగుతుంది, ఇనుప పైపుల అలవాటుతో చూసేవాళ్లు ఇక్కడే కంగారు పడి అతుకులన్నీ తవ్విస్తారు. నికరమైన పరీక్ష ఇలా: సాగనిచ్చాక కొద్దిగా నీళ్లు వదిలి ఒత్తిడిని ఒక్కసారిగా పది పదిహేను శాతం దించి, అరగంట చూడాలి. పైపు తిరిగి బిగుసుకుంటుంది కాబట్టి ముల్లు కాస్త పైకి లేవాలి, లేదా కదలకుండా ఉండాలి. దిగుతూ పోతే లీకున్నట్టే.

మొదటిసారి దిగుతూ పోయింది. 26 అతుకుల్లో ఒక్కటీ కారలేదు, కారింది ఒక ఇంటి కనెక్షన్ సాడిల్ (ఇంటి పైపును కలపడానికి పెద్ద పైపు మీద జీనులా కూర్చునే ముక్క) దగ్గర. విప్పి చూస్తే సాడిల్ కింద పైపు నిగనిగలాడుతూ ఉంది. కరెంటుతో అతికే సాడిల్ వేసే ముందు పైపు పై పొరను 0.2 మి.మీ. మేర గీకి తీయాలి. గాలికి, ఎండకు ఆ పొర చెడిపోయి ఉంటుంది, అతుకు దానికి పట్టదు. ఎమెరీ పేపరుతో రుద్దడం గీకడం కిందికి రాదు, దాంతో మురికి ఇంకా లోపలికి దిగుతుంది. 46 ఇళ్ల సాడిళ్లనూ ఒక్కొక్కటే చూశాం. గీకిన గీతలు సాడిల్ అంచు బయట కనబడనివి ఇంకో మూడు దొరికాయి. అవి కారకపోయినా మార్చేశాం. సాడిల్ కూర్చునే చోటును ముందే మార్కర్‌తో గళ్లు గీసి, ఆ గళ్లు పూర్తిగా పోయేదాకా గీకాలన్నది ఇప్పుడు సైటు నియమం.

క్లోరిన్ లెక్క: పైపు లోపలి వ్యాసం 141 మి.మీ., మొత్తం పట్టేది 5,000 లీటర్లు. లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 250 గ్రాముల క్లోరిన్. 33 శాతం బ్లీచింగ్ పౌడరైతే 760 గ్రాములు. పొడిని నేరుగా పైపులో పోయకూడదు, డ్రమ్ములో కలిపి తేరిన నీళ్లు మాత్రమే పంపాలి. 24 గంటలు నిలవ ఉంచి, సెకనుకు మీటరు వేగంతో ఫ్లష్ చేయాలి. పైపు మూడుసార్లు మారేంత నీళ్లు పోవాలంటే 16 నిమిషాలు పడుతుంది. ఆ క్లోరిన్ నీళ్లు వాననీటి కాలువలోకి వదిలితే దిగువన చెరువులో చేపలు చస్తాయి. థయోసల్ఫేట్‌తో విరిచాకే వదిలాం. నమూనాలు రెండుసార్లు బాగున్నాయని లాబ్ చెప్పాకే ఇళ్లకు కలపడం.

5వ వారం: కలుపు, పూడ్పు, నోటీసు

నీళ్లు ఆగే రోజు కంటే నోటీసు ముఖ్యమని చెప్పడం అతిశయోక్తి కాదు. ‘రేపు నీటి సరఫరాలో అంతరాయం కలుగును’ అన్న నోటీసు ఎందుకూ పనికిరాదు. తలుపు మీద అతికించి మూడు రోజులైనా ‘రేపు’ రేపే. ఈసారి అతికించింది ఇది:

‘బుధవారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా పార్కు వీధిలో 1 నుంచి 46 నంబరు ఇళ్లకు నీళ్లు రావు. మంగళవారం రాత్రే పట్టి ఉంచుకోండి. నీళ్లు వచ్చాక మీటరుకు దగ్గరగా ఉన్న చన్నీళ్ల కుళాయి ముందు తిప్పండి, మూతి జల్లెడ విప్పి తేటగా వచ్చేదాకా వదలండి. అప్పటిదాకా గీజరు, వాషింగ్ మెషీను వేయొద్దు. సాయంత్రం 6కి కూడా రాకపోతే కింది నంబరుకు ఫోను చేయండి.’

జల్లెడ సంగతి రాయకపోతే మర్నాడు వచ్చే ఫోన్లలో చాలావరకు ‘నీళ్లు సన్నగా వస్తున్నాయి’ అనే. కారణం పైపు కాదు, కుళాయి మూతిలో ఇరుక్కున్న తుప్పు.

పూడ్పు మీద ఎంత రాసినా తక్కువే. ఇసుక పై నుంచి రోడ్డు మట్టం దాకా 890 మి.మీ. ఉంది. అదంతా ఒకేసారి గుమ్మరించి పైన ప్లేటు కంపాక్టర్ (మట్టి కుదించే యంత్రం) తిప్పితే పైది గట్టిగానే ఉంటుంది, కింద గుల్ల. తర్వాత 5 శాతం దిగినా 45 మి.మీ. పల్లం, ద్విచక్ర వాహనం పడడానికి అది చాలు. 150 మి.మీ. పొరలుగా వేసి ఒక్కో పొరకు నాలుగుసార్లు తిప్పాం. పై 300 మి.మీ. కంకర మిశ్రమం రెండు పొరల్లో వేశాం. పైపుకు 300 మి.మీ. పైన నీలం హెచ్చరిక టేపు పరిచాం. తేమ చూడ్డానికి మట్టిని గుప్పిట్లో పట్టి పిసకాలి. ముద్ద కట్టి, విరిస్తే రెండు ముక్కలవాలి. పొడిపొడిగా రాలితే నీళ్లు చల్లాలి, అరచేతికి తడి అంటితే ఆరబెట్టాలి. వేసవిలో పొద్దున సరిగ్గా ఉన్న మట్టి పదకొండింటికి పొడిబారుతుంది. ట్యాంకరు దగ్గరే ఉండాలి.

పచ్చిక అంచున గుంత పోయిన 120 చదరపు మీటర్లలో కొత్త గడ్డి పలకలు పరిచాం. వేళ్లు పట్టడానికి రెండు మూడు వారాలు చాలు, తొక్కుడు తట్టుకోవడానికి మాత్రం ఆరు వారాలు కావాలి. అంటే మొదటి శనివారానికి సిద్ధం కాదు. తాడు కట్టి వేరు చేయాల్సిందే.

6, 7 వారాలు: ఫుట్‌పాత్

90 మీటర్లు, 1.8 వెడల్పు, 100 మి.మీ. మందం: 16.2 ఘనమీటర్లు. మూడు ఉదయాలు, రోజుకు 30 మీటర్లు, ఒక్కో మిక్సర్ లారీ. పని ఉదయం 5:30కే మొదలు, 8కల్లా చదును అయిపోవాలి. ఎండ, వేడి గాలి కలిస్తే పై నీళ్లు ఊరేదానికంటే త్వరగా ఆరిపోయి, కాంక్రీటు గట్టిపడకముందే గోటి గీతల్లాంటి పగుళ్లు వస్తాయి.

రెండో రోజు లారీ 40 నిమిషాలు ఆలస్యమైంది, మిశ్రమం బిగుసుకోబోతోంది. డ్రైవరు నీళ్ల గొట్టం అందుకున్నాడు. ఆపించాం. అదనంగా పోసే ప్రతి బకెట్టూ బలాన్ని తగ్గిస్తుంది, పైగా పై పొర సున్నంలా రాలుతుంది. ప్లాంటు ఇచ్చిన ప్లాస్టిసైజర్ (నీళ్లు పోయకుండానే మిశ్రమాన్ని జారుగా చేసే మందు) డోసు వేసి ఐదు నిమిషాలు తిప్పితే పని నడిచింది.

1.8 మీటర్లకు ఒక జాయింటు, పలకలు చతురస్రంగా రావాలి. లోతు మందంలో పావు వంతు, 25 మి.మీ. ఎండలో ఆరు గంటలు కూడా ఆగకుండానే కోయాల్సి వచ్చింది. బ్లేడు వెంట కంకర లేచి రాకపోతే అదే అదను. మర్నాడు కోద్దామనుకుంటే కాంక్రీటు తనకు నచ్చిన చోట తనే పగులుతుంది. ఏడు రోజులు గోనె పట్టాలు తడిగా ఉంచాం. పొద్దున, సాయంత్రం తడిపి మధ్యాహ్నం ఆరనివ్వడం క్యూరింగ్ అనిపించుకోదు. గేట్ల దగ్గర 150 మి.మీ. ఎత్తుకు 1.8 మీటర్ల ర్యాంపులు, అంటే ఒకటికి పన్నెండు. వీల్‌చైర్‌కు అంతకంటే నిటారు కుదరదు.

8వ వారం: తారు

1,760 చదరపు మీటర్లు, 40 మి.మీ.: 165 టన్నులు. ముందు 11 మ్యాన్‌హోల్, వాల్వ్ మూతలు పైకెత్తి, ఊడ్చి, ఎమల్షన్ (కొత్త పొర అతుక్కోవడానికి చల్లే, నీళ్లలో కలిపిన తారు) చదరపు మీటరుకు 250 గ్రాముల చొప్పున చల్లాం. గోధుమ రంగు పోయి నల్లబడేదాకా దాని మీద తారు వేయకూడదు. గుంత పొడవునా పాత తారును అంచుకు 200 మి.మీ. అవతలికి నిటారుగా కోశాం, అంచు మీద బ్రష్‌తో ఎమల్షన్ పూశాం. రంపపు పళ్లలా వదిలేసిన అంచు నుంచే నీళ్లు దిగుతాయి. మిశ్రమం 150 డిగ్రీల దగ్గర దిగింది, 90కి తగ్గేలోపు రోలింగ్ ముగించాం. వేసవిలో ఇది తేలికే. కష్టమల్లా తర్వాత చల్లారడమే. మొదటి రెండు రోజులు మధ్యాహ్నం పూట ఏ బండినీ ఆపనివ్వలేదు. సైడ్ స్టాండ్ వేస్తే నాణెం అచ్చులా దిగుతుంది.

9వ వారం: పార్కు వైపు

పచ్చికలో వాడుకోదగిన చోటు 900 చదరపు మీటర్లు. చాపలు, కుర్చీలు వేసుకుని కూర్చుంటే మనిషికి చదరపు మీటరు చొప్పున 900 మంది. సమతల దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది బయటికి పోగలరని లెక్క. తూర్పు గేటు 2.4 మీటర్లు, పడమర గేటు 1.8. రెండూ తెరిచి ఉంటే రెండున్నర నిమిషాలు పైచిలుకు, తూర్పుది మూసుకుపోతే ఆరు నిమిషాలు దాటుతుంది. గేటుకు ఎదురుగా జనరేటరు లారీ నిలపడం ఎందుకు కూడదో ఈ లెక్క చూపిస్తే ఎవరూ వాదించలేదు.

కరెంటు: సౌండ్ 5 కిలోవాట్లు, దీపాలు 2, ప్రొజెక్టరు 1.5, ఆరు స్టాళ్లకు 9, పంపు 1.5. మొత్తం 19 కిలోవాట్లు, అంటే సుమారు 24 కేవీఏ. 30 కేవీఏ జనరేటరు 80 శాతం లోపే నడుస్తుంది. స్టాళ్లు 60 మీటర్ల దూరంలో ఉన్నాయి. 2.5 చదరపు మి.మీ. రాగి కేబుల్‌లో 16 ఆంపియర్లు పోతే దారిలోనే 14 వోల్టులు పడిపోతాయి, 6 చదరపు మి.మీ. అయితే 6 వోల్టులు. రెండోదే వేశాం. ప్రతి స్టాలుకూ 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకరు పెట్టి, టెస్టు బటను నొక్కి చూశాం. కేబుల్ డ్రమ్ము మిగిలినా మొత్తం విప్పాలి, చుట్టగా ఉంచితే లోపలి చుట్లు మగ్గి కరుగుతాయి.

తెర 6 మీటర్లు, 3.4 ఎత్తు. గంటకు 36 కిలోమీటర్ల గాలికి దాని మీద పడే తోపు సుమారు 127 కిలోలు, 54కు 287 కిలోలు. గాలి ఒకటిన్నర రెట్లయితే తోపు రెండు రెట్లు దాటుతోంది. మేకులు దిగగొట్టి తాళ్లు కట్టడం పందిరి వాళ్ల అలవాటు. ఆ పచ్చిక కింద స్ప్రింక్లరు పైపు 200 మి.మీ. లోతులో ఉంది. మొదటి మేకే దాన్ని పొడిచింది, బుడగలతో నీళ్లు పైకి తన్నాయి. ముక్క మార్చి, మేకుల ఆలోచన మానుకుని నాలుగు మూలలా 1,000 లీటర్ల నీళ్ల ట్యాంకులు పెట్టాం. గాలిబుడగ ఆటవస్తువులకు గాలి గంటకు 38 కిలోమీటర్లు దాటితే పిల్లల్ని దింపి గాలి తీసేయాలి. గాలి కొలిచే మీటరు ఆ ఆట నడిపే మనిషి చేతిలోనే ఉండాలి, ఆఫీసులో ఉంటే లాభం లేదు.

పచ్చికకు వారానికి 25 మి.మీ. నీళ్లు, అంటే 22,500 లీటర్లు. శుక్రవారం తడపకూడదు. మెత్తని నేలలో కుర్చీ కాళ్లు దిగి గుంటలు పడతాయి. ఆదివారం, బుధవారం తెల్లవారుజామున మాత్రమే.

10వ వారం: మొదటి శనివారం

తాగునీటి స్టాండు నాలుగు కుళాయిలతో కొత్త లైను నుంచే. వెనక్కి పారకుండా రెండు నాన్-రిటర్న్ వాల్వులు పెట్టాం. గొట్టం ఎండలో పడి ఉంటే మొదటి నీళ్లు వేడిగా, ప్లాస్టిక్ వాసనతో వస్తాయి, తెరిచే ముందు ఐదు నిమిషాలు వదిలేశాం. సాయంత్రం ఏడున్నరకు ఒక స్టాలు బ్రేకరు పడింది. కేబుల్ కలుపు గడ్డి మీద ఉంది, పక్కనే ఐసు పెట్టె నీళ్లు కారి అక్కడికే చేరాయి. కలుపును స్టూలు మీదకు ఎత్తి ఆరబెట్టాక మళ్లీ పడలేదు. ఇక నుంచి కలుపులన్నీ నేలకు 300 మి.మీ. పైనే.

సోమవారం ఉదయం గుంత వెంట 16 చోట్ల లెవెల్ తీశాం. 15 చోట్ల 2 మి.మీ. లోపే తేడా. తూర్పు గేటు ముందు, రెండు పైపులూ దాటుకునే చోట 6 మి.మీ. దిగింది. వాననీటి పైపు పక్కలకు కంపాక్టర్ పట్టక చేత్తో దిమ్మిస కొట్టిన చోటు అదే. ఆ చోట పసుపు పెయింటు చుట్టాం. ప్రతి సోమవారం మళ్లీ చూస్తాం. 10 మి.మీ. దాటితే ఆరో శనివారం అయ్యాక కోసి, కంకర దాకా తీసి మళ్లీ కుదించాలి.